పాత ఫ్రెంచి మహాగని సొరుగుల బల్ల: కొనేముందు ఎలా చూడాలి

ఫ్రెంచిలో దీని పేరు కమోడ్. మన వాడుకలో ఆ మాటకున్న అర్థం వేరు. చూసేటప్పుడు ముందువైపు మెరుపును చివరికి వదిలేయండి. అసలు సంగతి కనబడని చోట్లే తెలుస్తుంది.

పైన పాలరాయి పలక ఉంటే ఇద్దరు కలిసి ఎత్తి, అంచు మీద నిలబెట్టి మోయండి. పడుకోబెట్టి మోస్తే దాని బరువుకే విరగవచ్చు. పాత పలక అడుగున ఉలి గాట్లతో గరుకుగా ఉండటం మామూలు. పలక కింద, మూల నిలువు కర్రల తలల మీద తయారీదారు ముద్ర వెతకండి. పారిస్ వడ్రంగుల సంఘం తనిఖీ ముద్ర 'జెఎంఇ' (JME అక్షరాలు). ఆ సంఘం 1791లో రద్దయింది కాబట్టి ఆ తర్వాత వచ్చిన నెపోలియన్ కాలపు శైలి బల్ల మీద ఆ ముద్ర కనిపిస్తే అనుమానించాలి. ముద్ర దొంగది కావచ్చు, అదొక్కటే చూసి నమ్మకండి.

ఇక సొరుగులన్నీ బయటికి లాగండి. పారిస్ పనితనంలో లోపలి చెక్క ఎక్కువగా ఓక్ అనే గట్టి కలప. మహాగని పైపొర మాత్రమే. సొరుగు ముఖం పై అంచున ఆ పొర మందం కొలవండి. చేతిరంపంతో కోసినది సాధారణంగా ఒక మిల్లీమీటరుకు మించి, అక్కడక్కడ హెచ్చుతగ్గులుగా ఉంటుంది. కాగితంలా పలచగా, ఒకే మందంగా ఉంటే యంత్రం కోసినదే. గుండ్రటి రంపపు గీతలు 19వ శతాబ్దానివో, ఆ తర్వాతివో.

సొరుగు పక్కచెక్కల అడుగు అరిగి ఉంటే, అది జారే పట్టీ కూడా అరగాలి. ఒకటి అరిగి రెండోది పదునుగా ఉంటే ఏదో ఒకటి మార్చారన్నమాట. పిడుల దగ్గర లోపల పాత రంధ్రాలుండి, బయట వాటి జాడ లేకపోతే ముఖానికి కొత్త పొర అతికించారు. లోపలి చెక్కంతా ఒకే గోధుమరంగులో ఉంటే రంగు పూశారనుకోవచ్చు. గాలి తగిలే చోట, తగలని చోట సహజమైన చెక్క ఒకే రంగులో ముదరదు.

పురుగు రంధ్రాల నుంచి లేత రంగు పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉండవచ్చు. రంధ్రాలకు బదులు పైన పొడవాటి కాలువలు కనిపిస్తే, పుచ్చిన పాత చెక్కను మళ్లీ కోసి వాడారు.

చివరగా పైపొరను గోటితో తట్టండి. డొల్ల శబ్దం వస్తే జిగురు వదిలేసింది. అది బాగుచేయదగిన లోపమే, కాకపోతే పాత జంతు జిగురుతోనే అతికించాలి. ఎపాక్సీ అనే రసాయన జిగురు పెడితే తర్వాత ఊడదీయడం కష్టం, పొర చిరుగుతుంది.