అమెరికా కోర్టు కాగితం చేతికొస్తే: మొదటి వాయిదాకు ముందు జాగ్రత్తలు

కవరు విప్పగానే ఏ కోర్టో చూడండి. మిగతా జాగ్రత్తలన్నీ దాన్నిబట్టే ఉంటాయి. మన దగ్గర మున్సిఫ్ కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా ఒకటే నిచ్చెన. అమెరికాలో రెండు. ఫెడరల్ (అంటే కేంద్ర ప్రభుత్వ) వైపు 94 జిల్లా కోర్టులు, వాటి మీద 13 అప్పీలు కోర్టులు, అన్నిటికీ పైన తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు. రాష్ట్రాల కోర్టులు విడిగా ఉంటాయి. ట్రాఫిక్ టికెట్లు, అద్దె తగాదాలు, విడాకులు, షాపులో దొంగతనం కేసులు దాదాపు అన్నీ వెళ్లేది వాటి ముందుకే.

ఇమిగ్రేషన్ కోర్టు ఈ రెంటిలోనూ లేదు. అది ప్రభుత్వ న్యాయశాఖ కింద నడుస్తుంది. అక్కడ సాధారణంగా లాయరు ఖర్చు మీదే. వాయిదాకు వెళ్లకపోతే మీరు లేకుండానే దేశం నుంచి పంపేయమని ఉత్తర్వు ఇవ్వగలరు. ఇల్లు మారితే 5 పని దినాల్లో ఆ కోర్టుకు కొత్త అడ్రసు ఇవ్వాలి. పాత అడ్రసుకు వెళ్లిన నోటీసు మీకు అందినట్టే లెక్కగట్టే ప్రమాదం ఉంది.

తేదీ దగ్గర చాలామంది పొరబడతారు. అక్కడ నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. 04/07 అంటే ఏప్రిల్ 7, జూలై 4 కాదు. సివిల్ దావాలో వాయిదా తేదీ లేకపోయినా జవాబుకు గడువు ఉంటుంది. ఫెడరల్ కోర్టులో సమన్లు అందాక 21 రోజులు, కాలిఫోర్నియా సివిల్ దావాల్లో మామూలుగా 30 రోజులు. అది దాటితే మన ఎక్స్‌పార్టీ డిక్రీ లాంటిదే, అంటే మీ వాదన వినకుండానే ఇచ్చే తీర్పు, పడుతుంది. దాన్ని చూపించి జీతంలోంచో బ్యాంకు ఖాతాలోంచో వసూలు చేసుకునే వీలు చాలా రాష్ట్రాల్లో ఉంది. సమన్లు ఏ రోజు, ఎవరి చేతికి అందాయో ఆ కాగితం మీదే రాసిపెట్టుకోండి.

క్రిమినల్ కేసు అయితే, వీసా మీద ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాల్సింది నేరం ఒప్పుకునే విషయంలో. ‘ఒప్పేసుకోండి, ఫైను కట్టి వెళ్లిపోవచ్చు, కొన్నాళ్లకు రికార్డు చెరిగిపోతుంది’ అనే మాట కోర్టు వరండాలోనే వినబడుతుంది. రాష్ట్ర చట్టం ప్రకారం అది నిజమే కావచ్చు. ఇమిగ్రేషన్ చట్టం లెక్క వేరు: నేరం ఒప్పుకుని, ఏదో ఒక శిక్షో షరతో విధిస్తే, తర్వాత రాష్ట్రం కేసు కొట్టేసినా అది శిక్ష పడినట్టే. ‘నో కాంటెస్ట్’ (నేరం ఒప్పుకోను, ఎదురు వాదించను) అన్నా అంతే. షాపులో చిన్న వస్తువు తీసిన కేసు కూడా వీసాకూ గ్రీన్‌కార్డుకూ అడ్డం పడవచ్చు. జైలు పడే నేరంలో లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే కోర్టే ఇస్తుంది. ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందా అన్నది మీ లాయరు చెప్పితీరాలని సుప్రీంకోర్టు 2010లో పడిలా కేసులో తేల్చింది. అడగడానికి మొహమాటపడకండి. వీలైతే ఇమిగ్రేషన్ లాయరుకు కూడా చూపించి, ఆ తర్వాతే నోరు విప్పండి.

ట్రాఫిక్ టికెట్లన్నీ ఫైనుతో పోయేవి కావు. వర్జీనియాలో గంటకు 85 మైళ్లు దాటినా, పరిమితి కన్నా 20 మైళ్లు ఎక్కువ తోలినా రెక్‌లెస్ డ్రైవింగ్ (ప్రమాదకరంగా బండి తోలడం) కేసు పెట్టవచ్చు. అది నేరమే, ఏడాది దాకా జైలు, 2,500 డాలర్ల దాకా ఫైను ఉండవచ్చు. మామూలు టికెట్టయినా ఆన్‌లైన్‌లో డబ్బు కడితే చాలా రాష్ట్రాల్లో తప్పు ఒప్పుకున్నట్టే. కట్టకుండా, వెళ్లకుండా ఊరుకుంటే లైసెన్సు ఆగిపోవచ్చు, వారంటు కూడా రావచ్చు.

జ్యూరీ పిలుపు పౌరులు కానివాళ్లకూ వస్తుంటుంది, ఎందుకంటే చాలాచోట్ల పేర్లు డ్రైవింగ్ లైసెన్సు జాబితాలోంచి తీస్తారు. చించేయకండి. ‘పౌరుణ్ణి కాను’ అన్న గడిలో టిక్కు పెట్టి గడువులోగా తిప్పి పంపండి. పొరపాటున పౌరుణ్ణని రాస్తే చాలా పెద్ద చిక్కు. జ్యూరీకి రాలేదు, వారంటు ఉంది, గిఫ్టు కార్డులతో డబ్బు కట్టండి అని ఫోన్ వస్తే అది మోసం.

తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే కొన్ని వారాల ముందే క్లర్కుకు రాతపూర్వకంగా చెప్పండి. స్పానిష్‌కు దొరికినంత సులువుగా తెలుగుకు దొరకరు. అర్థం కాకుండా జడ్జి ముందు ‘యస్’ అనకండి. చాలా ఫెడరల్ కోర్టుల్లో ఫోను లోపలికి రానివ్వరు, కాబట్టి కాగితాలు ప్రింటు తీసుకుని గంట ముందే చేరండి. క్లర్కు ఫారాలు, తేదీలు చెబుతారు గానీ సలహా ఇవ్వరు.

కేసు ముగిశాక తుది తీర్పు సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోండి. కొట్టేసిన కేసుకైనా, వీసా స్టాంపింగ్‌లోనూ పౌరసత్వం దరఖాస్తులోనూ ఏళ్ల తర్వాత అడిగేది ఆ కాగితమే.