బజారు చూశాకే వంట: నలుగురున్న ఇంట్లో వెచ్చాల ఖర్చు తగ్గించుకునే పద్ధతి

ఇంటి వెచ్చాల ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారు వారానికి సరిపడా వంటల పట్టిక ముందే రాసుకుని, దాని ప్రకారం కూరగాయలు కొనాలని చాలామంది సలహా ఇస్తారు. తెలుగువారి వంటకు ఈ పద్ధతి అంతగా నప్పదని ఎన్నో ఏళ్లుగా ఇల్లు నడుపుతున్న నా అభిప్రాయం. సోమవారం టమాటా పప్పు, మంగళవారం బెండకాయ వేపుడు అని ముందే రాసిపెట్టుకుంటే, ఆ వారం టమాటా ధర మండిపోతున్నా కొనక తప్పదు. పక్క గంపలో లేతగా, చౌకగా ఉన్న సొరకాయను చూసి కూడా వదిలేసి రావలసి వస్తుంది. మన భోజనంలో పప్పు, పులుసు, చారు, పచ్చడి, పొడి అనే వరుస మారదు కానీ, అందులో పడే కాయ లేదా ఆకు ఏదైనా కావచ్చు. అందువల్ల ఆ వరుసకు కావలసిన ఎండు సరుకులను పంట చేతికొచ్చే కాలంలో నిల్వ చేసుకుని, ఏ కూర వండాలన్నది బజారుకు వెళ్లాక తేల్చుకోవడం మేలు. ఇక్కడ చెప్పే కొలతలన్నీ నలుగురున్న కుటుంబానికి సంబంధించినవి.

ఏ సరుకు ఎప్పుడు కొనాలి

కంది పంట డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మార్కెట్‌కు వస్తుంది. ఆ రోజుల్లో కందిపప్పు ధర సాధారణంగా దిగుతుంది, పప్పు కూడా కొత్తది కనుక త్వరగా ఉడుకుతుంది. రోజు విడిచి రోజు పప్పు వండుకునే నలుగురికి నెలకు దాదాపు 3 కిలోలు పడుతుంది కాబట్టి, నాలుగైదు నెలలకు సరిపడా ఒకేసారి తీసుకుని, ఒక పూట ఎండలో పోసి, పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాల్లో నాలుగైదు ఎండుమిరపకాయలు వేసి ఉంచితే పురుగు పట్టదు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు రుచికి పేరుపడింది. దొరికే ఊరిలో ఉన్నవారు కొంచెం ధర ఎక్కువైనా ముద్దపప్పు కోసం ఒకటి రెండు కిలోలు విడిగా తెచ్చుకోవచ్చు, కానీ కూరపప్పుకూ పప్పుచారుకూ మామూలు పప్పు చాలు.

చింతపండు, ఎండుమిర్చి కొనవలసిన కాలం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు. గింజ తీసిన చింతపండుకు ధర ఎక్కువ ఉంటుంది కనుక, తీరిక ఉన్నవారు గింజతోనే కొని, ఇంట్లో పెంకు, ఈనె, గింజ తీసి, కొంచెం కల్లుప్పు కలిపి జాడీలో గట్టిగా నొక్కిపెట్టుకోవచ్చు. ఏడాదికి అయిదారు కిలోలు సరిపోతుంది. నెలలు గడిచేకొద్దీ చింతపండు రంగు నల్లబడినా పులుసు రుచిలో లోటు ఉండదు. మిరపకాయలను రెండు రోజులు బాగా ఎండనిచ్చి, తొడిమలు తీసి, మరలో పట్టించుకుంటే ప్యాకెట్ కారం కన్నా ఖర్చు తగ్గడమే కాక, కారంలో ఏమి కలిసిందన్న అనుమానమూ ఉండదు.

బియ్యం విషయంలో కొంత లెక్క చూడాలి. వానాకాలం పంట నూర్చాక వచ్చే కొత్త బియ్యం కొంత చౌకగా దొరుకుతుంది కానీ, అన్నం మెత్తబడి ముద్దకడుతుంది. అదే బియ్యాన్ని ఆరు నెలలు నిల్వ ఉంచితే అన్నం పొడిపొడిగా, ఎక్కువగా అవుతుంది. చోటు ఉన్నవారు కొత్త బియ్యం కొని, ఎండు వేపాకు వేసి పాతబడనివ్వడం లాభం. చోటు లేనివారు బంధువులతోనో ఇరుగుపొరుగుతోనో కలిసి కొని పంచుకోవచ్చు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసి అమ్మే బియ్యం, పప్పులు, పిండ్ల మీద 5 శాతం జీఎస్టీ పడుతోంది. దాని తర్వాతే 26 కిలోల సంచులు దుకాణాల్లో ఎక్కువగా కనిపించడం మొదలైంది. విడిగా తూచి ఇచ్చే సరుకుకు ఆ పన్ను లేదు. అందువల్ల సంచి ధరను సంచి ధరతో పోల్చకుండా, కిలోకు ఎంత పడుతోందో లెక్క వేసి చూడాలి. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. నలుగురికి అది 24 కిలోలు కనుక, అర్హత ఉన్నవారు బయట కొనవలసిన బియ్యం చాలావరకు తగ్గుతుంది.

వంటనూనె కొనేటప్పుడు ప్యాకెట్ పరిమాణం చూసి మోసపోవద్దు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. చూడడానికి లీటరు ప్యాకెట్ లాగానే ఉండి అంతకన్నా తక్కువ తూకం ఉన్నవీ పక్కపక్కనే పెట్టి అమ్ముతారు. ధర పక్కన గ్రాముకు లేదా మిల్లీలీటరుకు ఎంత అన్నది కూడా ముద్రించి ఉంటుంది, పోల్చవలసింది ఆ అంకెను.

కూరగాయల దగ్గర

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లలో రైతులే నేరుగా అమ్ముతారు, ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. నేను మొదట చేసే పని ఏదీ కొనకుండా బోర్డు అంతా చదవడం. ధర దిగిన కూరగాయ అంటే చాలాసార్లు ఆ కాలంలో బాగా కాస్తున్నదే కనుక అది లేతగా, తాజాగా కూడా ఉంటుంది. వారానికి రెండుసార్లు వెళ్లి, వెళ్లినప్పుడల్లా రెండు రకాల ఆకుకూరలు, సొర, బీర, దోస వంటి రెండు నీటి కాయలు, దుంపల్లో ఒక రకం, పచ్చిమిర్చి, కరివేపాకు తీసుకుంటే మూడు నాలుగు రోజులకు సరిపోతుంది. ఆకుకూరలను తెచ్చిన రోజు, మర్నాడు వాడేయాలి. కంద, గుమ్మడి, అరటికాయ చివరికి ఆగుతాయి.

2023 జూలైలో టమాటా కిలో 100 రూపాయలు దాటి, చాలా నగరాల్లో 200 దాకా వెళ్లినప్పుడు ఎందరో ఇబ్బంది పడ్డారు. నిజానికి పులుపు కోసం టమాటా మీదే ఆధారపడడం మన వంటలో పాత అలవాటేమీ కాదు. చింతపండు, చుక్కకూర, గోంగూర, నిమ్మకాయ, వేసవిలో మామిడికాయ, వీటిలో ఏదైనా ఆ పని చేస్తుంది. చలికాలంలో టమాటా చౌకగా ఉన్నప్పుడు నాలుగైదు కిలోలు తెచ్చి, ముక్కలు కోసి, ఉప్పు పట్టించి, గలగలలాడేదాకా ఎండబెట్టి ఒరుగులుగా దాచుకుంటే వానాకాలం పప్పులోకీ పచ్చడిలోకీ పనికివస్తాయి.

ఏదో ఒకటి అయిపోయిందని మొబైల్ యాప్‌లో తెప్పించుకోవడం నెల పద్దును పెంచే పెద్ద కారణమని గమనించాను. 30 రూపాయల కొత్తిమీర కోసం ఆ యాప్ తెరిచినప్పుడు, రవాణా ఛార్జీ తప్పించుకోవడానికి అవసరం లేని మరో నాలుగు వస్తువులు కలపవలసి వస్తుంది.

పొయ్యి దగ్గర

ఖర్చు, శ్రమ రెండూ తగ్గేది ఒక్కసారి ఉడికించిన పప్పుతో రెండు పూటలు గడపడంలో. ఒకటిన్నర గ్లాసు, అంటే పావు కిలోకు కొంచెం తక్కువ కందిపప్పును కడిగి అరగంట నానబెట్టి, నాలుగున్నర గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, రెండు చుక్కల నూనె వేసి కుక్కర్‌లో మూడు కూతలు రానిచ్చి, మంట తగ్గించి అయిదు నిమిషాలు ఉంచాలి. నానిన పప్పు త్వరగా ఉడకడం వల్ల గ్యాస్ ఆదా అవుతుంది. ఈ దశలో చింతపండు, గోంగూర వంటి పుల్లనివి వేయకూడదు, పులుపు తగిలితే పప్పు గింజ బిరుసెక్కి మెత్తబడడానికి ఎక్కువసేపు పడుతుంది. ఉడికిన పప్పులో మూడో వంతు తీసి పక్కన పెట్టి, మిగిలినదానిలో విడిగా మగ్గించిన పాలకూర లేదా తోటకూర, నాలుగు పచ్చిమిరపకాయలు, ఉప్పు, కొంచెం చింతపండు పులుసు కలిపి, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆవాలు, జీలకర్ర, ఇంగువతో పోపు పెడితే మధ్యాహ్నానికి ఆకుకూర పప్పు సిద్ధం. చల్లారాక ఫ్రిజ్‌లో దాచిన పప్పును సాయంత్రం పలచగా మెదిపి, నిమ్మకాయంత చింతపండు రసం, సొరకాయ ముక్కలు, మునక్కాయ, ఉల్లిపాయ, చిన్న బెల్లం ముక్క వేసి మరిగిస్తే పప్పుచారు అవుతుంది. ఒకే పప్పు రెండుసార్లు తిన్నామన్న భావన ఇంట్లో ఎవరికీ కలగదు.

టిఫిన్లకు దుకాణంలో పిండి ప్యాకెట్ కొనడం మానేస్తే మిగిలేది తక్కువేమీ కాదు. రెండు గ్లాసుల మినపప్పు, ఆరు గ్లాసుల బియ్యం, రెండు చెంచాల మెంతులు విడివిడిగా నానబెట్టి రుబ్బి, సగం పిండిని పులియనిచ్చి, మిగతా సగాన్ని పులియకముందే ఫ్రిజ్‌లో పెట్టాలి. పులిసిన పిండితో మొదటి రెండు రోజులు దోసెలు, మూడో రోజు ఉల్లిపాయ, పచ్చిమిర్చి చల్లిన ఊతప్పం. ఆపైన రెండో సగం బయటకు తీసి పులియనిస్తే వారం పూర్తవుతుంది. చివర మిగిలిన పుల్లని పిండిలో కొంచెం గోధుమరవ్వ కలిపి దిబ్బరొట్టె వేస్తే పిల్లలు ఇష్టంగా తింటారు.

కూరగాయను పూర్తిగా వాడడం అలవాటు చేసుకోవాలి. బీరకాయ చెక్కును పారేయకుండా కడిగి, నూనెలో పచ్చిమిరపకాయలతో వేయించి, చింతపండు, ఉప్పు, జీలకర్ర, వెల్లుల్లి వేసి రుబ్బి పోపు పెడితే మరుసటి పూటకు పచ్చడి ఉంటుంది. సొరకాయ చెక్కుతోనూ ఇదే చేయవచ్చు. కొత్తిమీర కాడలు చారులోకి, కాలీఫ్లవర్ కాడలు పప్పులోకి వెళ్లాలి. ఒక గ్లాసు కందిపప్పు, అర గ్లాసు శనగపప్పు, ఎనిమిది ఎండుమిరపకాయలు దోరగా వేయించి, జీలకర్ర, ఉప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలతో పొడి కొట్టి సీసాలో ఉంచితే, వంట చేయలేని సాయంత్రం వేడి అన్నం, నెయ్యి, ఆ పొడి, ఒక పచ్చి పులుసుతో భోజనం గడిచిపోతుంది. బయటి నుంచి తెప్పించుకునే భోజనాలు నెలకు రెండు మూడు తగ్గినా పప్పుల ఖర్చుకు సరిపడా మిగులుతుంది.

మాంసాహారులు కిలోన్నర బదులు ముప్పావు కిలో కోడి మాంసం ఎముకలతో తెచ్చి, మునక్కాయలు లేదా బంగాళాదుంపలు వేసి పులుసుగా వండితే నలుగురికి రెండు పూటలు వస్తుంది. కిలో బీరకాయలో నాలుగు గుడ్లు కొట్టి వేసిన కూర అందరికీ సరిపోతుంది. శ్రావణ, కార్తీక మాసాల్లో చాలామంది మాంసం మానేయడం వల్ల కోడి ధర సాధారణంగా తగ్గుతుంది. ఆ నియమం లేనివారికి అది అనువైన కాలం.

మిగిలిన అన్నాన్ని వేసవిలో బయట వదిలేయకూడదు. చల్లారిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు ఉదయం నిమ్మకాయ పులిహోరగానో, అప్పుడే కాచి చల్లార్చిన పాలు, పెరుగు, అల్లం, పచ్చిమిర్చి కలిపి దద్ధోజనంగానో మార్చుకోవాలి.

పద్దు పుస్తకంలో కొన్నవాటి లెక్క అందరూ రాస్తారు. నేను ఒక పేజీ విడిగా పెట్టి, పారేసినవి రాయడం మొదలుపెట్టాను. మూడు నెలల్లో ఆ పేజీలో కొత్తిమీర తొమ్మిదిసార్లు, పెరుగు నాలుగుసార్లు, వంకాయలు మూడుసార్లు కనిపించాయి. ఆ తర్వాత కొత్తిమీర కట్టలు కొనడం తగ్గించి, వెడల్పాటి కుండీలో నలిపిన ధనియాలు పదిహేను రోజులకొకసారి చల్లుతున్నాను. పెరుగు అర లీటరు పాలకే తోడు పెడుతున్నాను. వంకాయలు అదే రోజు వండే పని ఉంటేనే తెస్తున్నాను.