కట్టుడు పళ్లు ఊడకుండా, ఒరుసుకోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

పళ్ల సెట్టు వదులైందనగానే చాలామంది మందుల షాపుకి పరుగెత్తి అతికించే పేస్టు కొంటారు. నన్నడిగితే అది చివర్లో చేయాల్సిన పని. సెట్టును నిలబెట్టేవి వేరే ఉన్నాయి: చిగుళ్లకీ సెట్టుకీ మధ్య పల్చటి ఉమ్మి పొర, అంచుల్లోంచి గాలి దూరకపోవడం, బుగ్గలూ నాలుకా దాన్ని అదిమి పట్టడం. తడి వంటగట్టు మీద పెట్టిన నున్నటి పళ్లెం ఓ పట్టాన పైకి రాదు కదా, పై సెట్టు అంగిలికి పట్టుకునేదీ అలాగే. కింది సెట్టుకి అంత వెడల్పు చోటు దొరకదు, పైగా పక్కనే నాలుక ఊరికే ఉండదు. అందుకే పైది గట్టిగా ఉండి కిందిది కాస్త కదిలితే డాక్టర్‌ది తప్పని వెంటనే అనుకోకండి.

ముందుగా, ఎప్పుడు ఊడుతోందో గమనించండి. ఆవలిస్తే పైది జారుతోందా? అంచు ఎక్కడో పొడవై కండరానికి తగులుతూ ఉండొచ్చు. ఒక వైపు నమిలితే రెండో వైపు లేస్తోందా? పై పళ్లూ కింది పళ్లూ సమంగా కలవడం లేదేమో. కొన్నేళ్లు బాగానే ఉండి మెల్లగా వదులైతే, చాలావరకు కారణం దవడ ఎముక తగ్గడమే. పళ్లు తీసేశాక ఆ ఎముక కరుగుతూనే ఉంటుంది. మొదటి ఏడాది ఎక్కువ, పై దవడ కంటే కింది దవడలో ఇంకా ఎక్కువ. అప్పుడు సెట్టు లోపలి వైపు కొత్త పొర వేస్తారు, దాన్నే రీలైనింగ్ అంటారు. గమనించినదంతా ఓ కాగితం మీద రాసుకెళ్తే డాక్టర్‌కి సగం పని తగ్గుతుంది.

తర్వాత తడి సంగతి. సెట్టును నీళ్లలో తడిపి పెట్టుకోండి, మధ్యమధ్యలో గుక్కెడు నీళ్లు తాగండి. బీపీ, అలర్జీ, డిప్రెషన్ మందుల్లో కొన్ని నోటిని ఎండగొడతాయి. అలాగని మీ అంతట మీరు మందు ఆపొద్దు, రాసిచ్చిన డాక్టర్‌నే అడగండి.

ఇక నాలుకకి అలవాటు చేయాలి. ఇది ఎవరూ ఓపిగ్గా చెప్పరు. మాట్లాడనప్పుడు నాలుక కొసను కింది ముందు పళ్ల వెనక తేలిగ్గా ఆనించి ఉంచండి. నాలుక వెనక్కి ముడుచుకుపోతే కింది సెట్టు అంచు తెరుచుకుని పైకి లేస్తుంది. రోజూ కాసేపు పేపరు బయటికి చదవండి. తినేటప్పుడు చిన్న ముక్కలు రెండు వైపులా వెనక పళ్ల మీద వేసుకుని ఒకేసారి నమలండి. జామకాయ ముందు పళ్లతో కొరికారా, వెనక సెట్టు లేచిపోతుంది. కొత్తలో ఇడ్లీ, పప్పన్నం, రాగి సంగటి చాలు. మేముండే బెంగళూరులో సంగటికి కరువా!

మొదటి రోజుల్లో చిగురు ఒరుసుకుని పుండు పడటం మామూలే. బ్లేడుతోనో ఆకురాయితోనో మీరే అరగదీయొద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు కొన్ని గంటలు సెట్టు పెట్టుకునే వెళ్లండి, అప్పుడే ఒత్తుతున్న చోటు కనిపిస్తుంది. కడప, అనంతపురం నుంచి బెంగళూరులో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లు పళ్లు కట్టించుకోగానే ఊరికి బస్సెక్కేస్తారు. ఆ తొందరే చేటు. సరిచేయించుకోవడానికి కొన్ని వారాలు ఇక్కడే ఉండేలా చూసుకోండి. కె.ఆర్. మార్కెట్ దగ్గరి ప్రభుత్వ దంత వైద్య కళాశాల లాంటి చోట ఖర్చు తక్కువ, కానీ తిరగాల్సి ఉంటుంది.

రాత్రి తీసేసి నీళ్లలో ఉంచండి. రాత్రంతా పెట్టుకునే ఉంటే సెట్టు కింద ఫంగస్ చేరి అంగిలి ఎర్రబడుతుంది. కడగడానికి మెత్తటి బ్రష్, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు రెండు చుక్కలు చాలు. టూత్‌పేస్టు గీతలు పెడుతుంది, మరిగే నీళ్లు సెట్టు ఆకారాన్నే మార్చేస్తాయి. జారి పడితే పగలకుండా కింద నీళ్ల గిన్నె పెట్టుకోండి.

ఇవన్నీ అయ్యాక పేస్టు. శుభ్రం చేసిన సెట్టుకి కొంచెం రాయండి, జింక్ లేనిది తీసుకోండి. జింక్ ఉన్న పేస్టు ఏళ్ల తరబడి మితిమీరి వాడితే ఒంట్లో రాగి (కాపర్ అనే లోహం) తగ్గి నరాలు దెబ్బతినొచ్చు. రోజురోజుకీ ఎక్కువ రాయాల్సి వస్తోందంటే సెట్టు సరిపోవడం లేదన్నమాట.

అప్పటికీ కిందిది నిలవకపోతే ఇంప్లాంట్ల గురించి, అంటే దవడ ఎముకలో బిగించే చిన్న లోహపు మరల గురించి అడగండి. కింది దవడ ముందు భాగంలో రెండు వేసి, సెట్టు వాటి మీద టక్కున కూర్చునేలా చేస్తారు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కలిసిన నిపుణులు కింది దవడకి మొదట ఆలోచించాల్సిన పద్ధతి ఇదేనన్నారు. ఖర్చు ఎక్కువే. షుగర్ ఉంటే ముందే చెప్పండి. ఇది వేయించుకున్నా సెట్టును రాత్రి తీసి కడగాల్సిందే.