వెతుకులాట పాఠాలు – 3: ఎక్కడ వెతకాలో మనమే చెబుదాం

గత రెండు పాఠాల్లో కోట్ గుర్తులు, మైనస్ గుర్తు చూశాం. అవి మాటల సంగతి. ఈసారిది చోటు సంగతి, అంటే గూగుల్ ఏ సైట్లలో వెతకాలో మనమే చెప్పడం. సెర్చ్ కిటుకులన్నిట్లో ఒక్కటే నేర్చుకునే ఓపిక ఉందంటే, నేనైతే దీన్నే నేర్చుకోమంటాను.

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాటు కొన్నారు, ఈ-ఖాతా (ఆస్తి మీ పేరున ఉన్నట్టు నగరపాలక సంస్థ ఇచ్చే ఆన్‌లైన్ పత్రం) కావాలి అనుకోండి. గూగుల్‌లో ఇంగ్లీషులో ‘బెంగళూరు ఈ ఖాతా’ అని కొడతారు. పైన ‘స్పాన్సర్డ్’ ముద్రతో ప్రకటనలు, కింద రియల్ ఎస్టేట్ కంపెనీల వ్యాసాలు, వాటి మధ్య వీడియోలు. ఒకరు చెప్పిన ఫీజు ఇంకొకరు చెప్పరు. అడుగడుగునా ‘మేం చేయించి పెడతాం’ అనేవాళ్లే. కాగితం ఇచ్చేది సర్కారు కదా, మాటేదో వాళ్ల నోటనే విందాం.

ఇంగ్లీషు అక్షరాల్లో ‘సైట్’ అని కొట్టండి. ఎస్, ఐ, టి, ఇ. పక్కనే కోలన్. దాని వెంటనే, ఖాళీ వదలకుండా, ‘కర్ణాటక డాట్ గవ్ డాట్ ఇన్’. గవ్ అంటే జి, ఓ, వి. ఆ తర్వాత ఒక ఖాళీ ఇచ్చి ‘ఈ ఖాతా’. చాలామందికి ఇది పని చెయ్యకపోవడానికి కారణం కోలన్ పక్కన వదిలే ఆ ఖాళీయే. ఫోన్ కీబోర్డు మనం అడక్కుండానే ఖాళీ పెట్టేస్తుంది, ఓ కన్నేసి ఉంచండి.

ఇప్పుడు వచ్చేవన్నీ రాష్ట్ర ప్రభుత్వ పేజీలే. బెంగళూరుకు కరెంటు ఇచ్చే బెస్కాం లాంటి సంస్థల సైట్లు కూడా ఆ అడ్రసు కిందే ఉన్నాయి కాబట్టి అవీ లెక్కలోకి వస్తాయి. కానీ బెంగళూరు పాత నగరపాలక సంస్థ బీబీఎంపీ సైటు రాదు. దాని అడ్రసులో కర్ణాటక అన్న మాటే లేదు, ‘బీబీఎంపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అంతే. అందుకని వల కాస్త పెద్దది చేసి, ఉత్త ‘గవ్ డాట్ ఇన్’ ఇవ్వండి. రెండూ పడతాయి. అక్కర్లేని ఢిల్లీ పేజీలు కూడా కొన్ని పడతాయనుకోండి, వాటిని తీసేయడానికి మైనస్ ఉండనే ఉంది.

ఇక్కడ ఇంకో చిక్కు. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ స్థానంలో అయిదు నగరపాలక సంస్థలు వచ్చాయి. పాత పేజీలు మాత్రం అలాగే పడి ఉంటాయి, సెర్చ్‌లో వాటికి పలుకుబడీ ఎక్కువే. కొత్తవే కావాలంటే ఇంగ్లీషులో ‘ఆఫ్టర్’, కోలన్, 2025-09-01 అని చేర్చండి. ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు. పాతవే కావాలంటే ‘బిఫోర్’. అయితే ఈ తేదీ గూగుల్ వేసుకున్న అంచనా. తేదీ లేని సర్కారు పేజీలు చాలానే ఉంటాయి కాబట్టి ముందు తేదీ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి చూడండి.

సర్క్యులర్లు, దరఖాస్తు ఫారాలు ఎక్కువగా పీడీఎఫ్‌లుగా పెడతారు. ‘ఫైల్‌టైప్’ అని కలిపి రాసి, కోలన్, ‘పీడీఎఫ్’ అంటే అవే వస్తాయి. కన్నడ చదవగలిగితే అదే ప్రశ్న కన్నడ లిపిలోనూ కొట్టండి. ఇంగ్లీషులో దొరకని ఉత్తర్వులు అందులో ఉంటాయి.

బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు కావాలన్నప్పుడు మాత్రం ఈ కిటుకు వాడి తీరాలి. దొంగ నంబర్లు పెట్టి కాచుకుని కూర్చునేవాళ్లు సెర్చ్‌లో ఉంటారు. రిజర్వ్ బ్యాంకు మన బ్యాంకులన్నిటినీ 2025 అక్టోబరు 31లోగా ‘బ్యాంక్ డాట్ ఇన్’ అడ్రసులకు మారమంది. కాబట్టి సైట్, కోలన్, ‘బ్యాంక్ డాట్ ఇన్’, ఆపైన మీ బ్యాంకు పేరు. ఇలా వెతికినా పైన ప్రకటన రావచ్చు. దాన్ని ముట్టుకోకండి.

లాగిన్ అయితే తప్ప తెరుచుకోని పేజీలు, యాప్‌ల లోపలి సమాచారం దీనికి అందవు. మీ ఫ్లాటు వివరాల కోసం ఈ-ఖాతాలు ఇచ్చే ఈ-ఆస్తి సైటులోకి స్వయంగా వెళ్లాల్సిందే. సైట్ గుర్తు బింగ్‌లోనూ, డక్‌డక్‌గోలోనూ నడుస్తుంది.

వచ్చే పాఠంలోగా ఒక పని. మీ కరెంటు బిల్లు ఇంకా పాత ఓనరు పేరు మీదే ఉందనుకుని, పేరు మార్పిడి ఫారం బెస్కాం సైటులోంచే బయటికి తీయండి. ఈ పాఠంలోని గుర్తులు రెండు కలిపితే చాలు. మూడోది కావాల్సి వస్తే అది ఏదో రాసిపెట్టుకోండి, 4వ పాఠం అక్కణ్నుంచే మొదలుపెడదాం.