చేను చుట్టూ తిరిగాకే బ్యాటరీ పెట్టండి

కైకలూరు వైపు వరి చేలకు డ్రోన్‌తో మందు కొడతాను. పది లీటర్ల ట్యాంకు, ఆరు ప్రొపెల్లర్ల మెషిన్. ఇది నాకు మూడో సీజన్. కొత్తగా పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకున్న పిల్లలు ముందు బ్యాటరీ గురించి అడుగుతారు. నేను ముందు చూసేది చేను.

పొద్దున్నే గట్టు మీద ఒక చుట్టు నడుస్తాను. కరెంటు తీగలు ఎటు పోతున్నాయి, మోటారు షెడ్డు ఎక్కడుంది, తాటిచెట్లు ఎంత ఎత్తున్నాయి అని చూసుకుంటాను. పై తీగలు ఎవరికైనా కనిపిస్తాయి. స్తంభం ఒరిగిపోకుండా ఏటవాలుగా నేలలోకి దిగే స్టే వైరు మాత్రం దగ్గరికి వెళ్తే గానీ కనపడదు. మొదటి ఏడాది ఎండెక్కుతోందని రైతు తొందరపెడితే నడవకుండానే లేపాను. ఆ వైరుకే తగిలి డ్రోన్ మడిలో పడింది. దగ్గర్లో మనుషులు లేరు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు అలాంటి మూల ఉంటే దూరంగా కర్ర పాతి ఎర్రగుడ్డ కడతాను. ఆ ముక్కకి చేతి స్ప్రేయర్‌తో కొట్టుకోమని రైతుకి ముందే చెప్తాను.

నడుస్తూనే గాలి చూడాలి. గుప్పెడు ఊక వదిలితే ఎటు పోతోందో తెలుస్తుంది. మా దగ్గర వరి చేను పక్కనే చేపల చెరువో రొయ్యల చెరువో ఉంటుంది. సైపర్‌మెత్రిన్ లాంటి మందు తుంపర నీళ్లలో పడితే చేపలూ రొయ్యలూ చచ్చిపోతాయి. గాలి చెరువు మీదికి ఉంటే ఆ పూట లేపను. రైతుకి కోపం వచ్చినా, నాకు ఆ పూట కూలి పోయినా సరే.

చోటు కొత్తదైతే డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో, ఎక్కడ కూడదో రంగుల్లో చూపించే జోన్ల మ్యాప్ కూడా చూస్తాను. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు అనుమతి అక్కర్లేదు. ఎయిర్‌పోర్టు సరిహద్దుకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే.

ఇక మెషిన్. మడిచిన ఆర్మ్‌లు విప్పాక ఒక్కో లాకూ చేత్తో లాగి చూడండి. ప్రొపెల్లర్ అంచు వెంట గోరు పోనివ్వండి, కంటికి కనపడని పగులు గోటికి తగులుతుంది. బ్యాటరీ పెట్టకముందే మోటార్లు చేత్తో తిప్పండి. గరగరమంటే బేరింగ్ చూపించాలి.

బ్యాటరీని మొత్తం వోల్టేజితో నమ్మకండి, చెకర్‌తో సెల్లు సెల్లుగా చూడండి. నిండిన సెల్ 4.2 వోల్టులు ఉంటుంది. ఒక్కటి తగ్గి ఉన్నా నిండు ట్యాంకుతో లేచాక అదే ముందు పడిపోతుంది. ఉబ్బినదైతే అసలు వాడొద్దు.

ముందు రిమోట్ ఆన్ చెయ్యాలి, తర్వాతే డ్రోన్. కంపాస్ కాలిబ్రేషన్, అంటే డ్రోన్ దిక్కులు సరిచేసేటప్పుడు బండికి దూరంగా, జేబులో ఫోనూ తాళాలూ లేకుండా నిలబడండి. హోమ్ పాయింట్, అంటే డ్రోన్ తిరిగొచ్చి దిగాల్సిన చోటు, పడిందని చూసుకుని, అది తిరిగొచ్చే రిటర్న్ ఎత్తు అక్కడి ఎత్తైన తాటిచెట్టు కన్నా పది మీటర్లు ఎక్కువ పెట్టండి.

ఇంతవరకూ ట్యాంకులో మంచినీళ్లే ఉండాలి. పిల్లల్నీ గేదెల్నీ దూరంగా పంపించి, రెండు మీటర్ల ఎత్తున అర నిమిషం నిలబెడతాను. ఊగుతోందా, శబ్దం మారిందా, నాజిళ్లన్నీ సమంగా కొడుతున్నాయా చూస్తాను. ముందే కలిపిన మందు గట్టు మీద ఉంటే, ఏ లోపం కనపడినా వృథా అవుతుందని ఎగరేయబుద్ధేస్తుంది. అందుకే డ్రోన్ కిందికి దించాకే రైతుతో అంటాను: "ఇప్పుడు కలపండి, బాబాయ్."