ఎండాకాలం కాఫీ కేక్, బిస్కెట్లు, కోల్డ్ కాఫీ: ఎక్కడ తేడా కొడుతోంది?

మే నెలలో విజయవాడ, రామగుండం వైపు బయట 44 డిగ్రీలు ఉంటే, మధ్యాహ్నానికి వంటింట్లో 38 దాకా వెళ్తుంది. వంటకాల్లో 'గది వేడిలో ఉంచిన వెన్న' అని రాసేది మాత్రం 20 డిగ్రీల గదిని దృష్టిలో పెట్టుకునే. చలికాలంలో చక్కగా కుదిరిన కొలతలు ఇప్పుడు మొరాయించేది అందుకే. కాబట్టి కొలతల మీద చెయ్యి వేసే ముందు వేడి సంగతి చూడండి. ఓటీజీ (కేక్‌లు కాల్చే చిన్న కరెంటు ఓవెన్) పని ఉదయం ఎనిమిదిలోపు ముగిస్తే సగం తలనొప్పి తగ్గుతుంది.

కేక్ మధ్యలో గుంట పడింది

గుడ్డు లేని కాఫీ కేక్‌కి నమ్మకమైన కొలత ఇది: మైదా ఒకటిన్నర కప్పు, పెరుగు 1 కప్పు, పంచదార ముప్పావు కప్పు, నూనె అర కప్పు, బేకింగ్ పౌడర్ 1¼ టీస్పూన్, వంటసోడా అర టీస్పూన్, రెండు టేబుల్‌స్పూన్ల గోరువెచ్చని నీళ్లలో కరిగించిన ఇన్‌స్టంట్ కాఫీ 1 టేబుల్‌స్పూన్. ఎనిమిది అంగుళాల గిన్నె, 180 డిగ్రీలు, 35 నిమిషాలు.

గుంట ఎందుకు పడిందో కేక్ కోసి చూస్తే తెలిసిపోతుంది. గుంట కింద భాగం పచ్చిగా, జిగటగా ఉంటే ఉడకకముందే తలుపు తీశారు, లేదా ఓటీజీ సరిగా వేడెక్కకుండానే గిన్నె పెట్టారు. పైకిందా రెండు రాడ్లూ వేసి 15 నిమిషాలు ముందుగా వేడి చేయండి. మొదటి 25 నిమిషాలు తలుపు జోలికి వెళ్లొద్దు. పెద్ద పెద్ద రంధ్రాలు, సబ్బు వాసన ఉంటే సోడా ఎక్కువైంది, లేదా పెరుగు పులవలేదు. సోడా చప్పబడాలంటే పులుపు కావాలి. అడుగున మాత్రం గట్టి పొరలా దిగిపోయిందంటే, పిండి కలిపి ఎక్కువసేపు పక్కన ఉంచారన్నమాట. పుల్లటి పెరుగుకి సోడా తగలగానే గ్యాస్ పుడుతుంది, ఎండాకాలంలో అది ఇట్టే జారిపోతుంది. ఓటీజీ వేడెక్కాకే తడి, పొడి కలపండి. కలిపిన అయిదు నిమిషాల్లో పిండి లోపలికి వెళ్లాలి.

పెరుగు నీళ్లోడుతుంటే పలుచటి బట్టలో ఓ పావుగంట వేలాడదీసి, ఆ తర్వాత కప్పుతో కొలవండి. నీళ్లతో సహా కొలిస్తే పిండి జారుగా తయారవుతుంది.

మధ్యలో కరెంటు పోయిందా? తలుపు తీయకండి, ఓటీజీ వేడిని కాసేపు పట్టి ఉంచుతుంది. పావుగంటయినా రాకపోతే ప్రెషర్ కుక్కర్‌ని గాస్కెట్ (మూత రబ్బరు), విజిల్ తీసి, అడుగున ఉప్పు, దాని మీద స్టాండ్ వేసి పది నిమిషాలు వేడి చేసి, గిన్నెను అందులోకి మార్చి సన్నటి సెగ మీద ఉంచండి. పైభాగం ఎర్రబడదు గానీ కేక్ దక్కుతుంది.

బిస్కెట్లు పరుచుకుపోయి ఒకదానికొకటి అతుక్కున్నాయి

వెన్న మెత్తగా ఉండాలి, కరగకూడదు. వేలితో నొక్కితే గుంట నిలవాలి, వేలికి నూనె అంటకూడదు. ఈ ఎండకి ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న పది నిమిషాల్లోనే ఆ స్థితికి వస్తుంది. గంటసేపు బయట పెట్టడమే అసలు పొరపాటు. మైదా 150 గ్రాములు, వెన్న 100, పంచదార పొడి 50, కాఫీ పొడి ఒకటిన్నర టీస్పూన్ కలిపి కర్రలా చుట్టి, 40 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి ముక్కలు కోయండి. ముక్కలు ట్రేలో సర్దాక మరో పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెడితే అంచులు నిలుస్తాయి. 170 డిగ్రీల దగ్గర 14-16 నిమిషాలు చాలు. రెండో వాయిని వేడి ట్రే మీద పెట్టకండి, లోపలికి వెళ్లకముందే వెన్న కారిపోతుంది.

సాయంత్రానికే మెత్తబడ్డాయంటే అది గాలిలో తేమ. విశాఖ, కాకినాడల్లో ఇది మామూలే. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టి గట్టిగా మూత బిగించండి. మెత్తబడ్డవాటిని 150 డిగ్రీల్లో అయిదు నిమిషాలు ఉంచితే మళ్లీ కరకరలాడతాయి.

కోల్డ్ కాఫీ నీళ్లగా ఉంది

మామూలు ట్రేలోని ఒక ఐస్ ముక్క 15-20 మిల్లీలీటర్ల నీళ్లతో సమానం. ఎనిమిది ముక్కలు వేస్తే, 600 మి.లీ. పాలకి దాదాపు 150 మి.లీ. నీళ్లు చేరినట్టే. ఐస్ తగ్గించి చల్లదనం వేరే దారిలో తెచ్చుకోవాలి. కాచి చల్లార్చిన చిక్కటి పాలను అంచులు గడ్డకట్టే దాకా ఫ్రీజర్‌లో ఉంచండి, అరగంట పైనే పడుతుంది. మిగిలిన డికాక్షన్‌ని ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించుకుంటే అది కరిగినా కాఫీయే అవుతుంది. నలుగురికి 600 మి.లీ. పాలు, 4 టీస్పూన్ల ఇన్‌స్టంట్ కాఫీ, 6 టీస్పూన్ల పంచదార సరిపోతాయి. కాఫీ, పంచదార రెండూ ముందు కొద్దిగా వేడినీళ్లలో కరగాలి. చల్లటి పాలలో పంచదార వేస్తే అడుగునే ఉండిపోతుంది. చల్లదనం తీపిని అణచేస్తుంది కాబట్టి వేడిగా ఉన్నప్పుడు కాస్త ఎక్కువ తీపి అనిపిస్తేనే సరైన లెక్క.

గ్లాసులో తెల్లటి పలుకులు తేలుతున్నాయి

ఒకటి వేళ్ల మధ్య నలిపి చూడండి. జిడ్డుగా జారితే అది వెన్న. మీగడ తీయని పాలను మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే వెన్న పూసలు కట్టడం సహజం. వడకట్టి తాగొచ్చు. ఈసారి పాలను ముందే వడకట్టి, 30 సెకన్లకు మించి తిప్పకండి. పలుకు గట్టిగా, పుల్లటి వాసనతో ఉంటే పాలు విరిగాయి, పారబోయాల్సిందే.

చేదు, బరువైన రుచి

ప్యాకెట్ మీద చికోరీ (కాఫీ పొడిలో కలిపే, వేయించిన ఒక వేరు పొడి) శాతం చదవండి. మన దేశంలో కాఫీ-చికోరీ మిశ్రమంలో చికోరీ 49 శాతం దాకా ఉండొచ్చు. వేడి పాలలో అది బాగుంటుంది, చల్లటి కాఫీలో మాత్రం నాలుక మీద ఉండిపోతుంది. కోల్డ్ బ్రూకి, అంటే పొడిని చల్లటి నీళ్లలో గంటల తరబడి నానబెట్టి తీసే కాఫీకి, చికోరీ లేని పొడే తీసుకోండి. అరకులో పండే అరబికా రకం కాఫీ దీనికి బాగా నప్పుతుంది. రవ్వలా బరకగా మర పట్టిన పొడి 80 గ్రాములు, నీళ్లు 640 మి.లీ., ఫ్రిజ్‌లో 14 గంటలు ఉంచి బట్టలో వడకట్టండి. మెత్తటి ఫిల్టర్ పొడి వేస్తే బట్ట రంధ్రాలు మూసుకుపోయి గంటల తరబడి చుక్కచుక్కగా దిగుతుంది.

కాఫీకి వెల్లుల్లి వాసన వస్తే నేరం పొడిది కాదు, మిక్సీ మూత కింది రబ్బరుది. రబ్బరు ఊడదీసి వంటసోడా నీళ్లలో అరగంట నానబెట్టి కడగండి.

క్రీమ్ ఎంత గిలకొట్టినా నిలవదు

25 శాతం కొవ్వున్న ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్ ఎంత గిలకొట్టినా బిగవదు, కనీసం 30-35 శాతం కావాలి. విప్పింగ్ క్రీమే తెచ్చినా జారుతోందంటే గిన్నె వేడిగా ఉందన్నమాట. స్టీలు గిన్నెను పావుగంట ఫ్రీజర్‌లో పెట్టి, ఐస్ నీళ్లున్న పెద్ద గిన్నెలో దించి గిలకొట్టండి. కేక్ పూర్తిగా చల్లారాకే క్రీమ్ రాయాలి. అతిథులు వచ్చేదాకా ఫ్రిజ్‌లోనే ఉంచి, ఫ్యాన్ కింద ముందే సర్దకుండా వడ్డించే ముందు తీయండి.