సీఎంఎల్ మాత్ర మొదలుపెడుతున్నారా? తల మొద్దుబారే రోజుల కోసం ముందే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్తక్యాన్సర్, అందరూ అనే మాటలో సీఎంఎల్, ఉందని తేలాక చాలామందికి మొదట రాసిచ్చేది ఇమాటినిబ్. వికారం, కళ్ల చుట్టూ వాపు, పిక్కలు పట్టేయడం గురించి ఓపీలోనే చెబుతారు. మతిమరుపు ఊసు మాత్రం సాధారణంగా రాదు. మాత్ర మొదలైన కొన్ని వారాలకు కొందరికి తెలిసిన పేరే నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. చదివిన పేరానే మళ్లీ చదవాల్సి వస్తుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా తలకెక్కదు. ఇది మీ ఊహా కాదు, బద్ధకమూ కాదు. మందుతో వచ్చే కరపత్రంలోనే నీరసం, తల తిరగడం తరచుగా వచ్చేవిగానూ, మగత, జ్ఞాపకశక్తి తగ్గడం కొద్దిమందికే వచ్చేవిగానూ రాసి ఉంటాయి.

ఇమాటినిబ్ రక్తంలోంచి మెదడులోకి వెళ్లేది చాలా తక్కువ. కాబట్టి తల మొద్దుబారగానే తప్పంతా మాత్రదే అనుకోకుండా దాని చుట్టూ ఉన్నవి వెతకాలి: రక్తహీనత, నిద్ర చాలకపోవడం, థైరాయిడ్, దురదకో నొప్పికో వాడుతున్న మరో మందు, మనసులోని దిగులు. వీటిలో చాలావాటిని సరిచేసుకోవచ్చు.

మతిమరుపుతో వచ్చే అసలు ప్రమాదం వేరే ఉంది. మాత్ర వేసుకోవడమే మర్చిపోవడం, లేదా వేసుకున్న సంగతి మర్చిపోయి రెండోది వేసుకోవడం. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో 87 మందిని గమనించి 2010లో ప్రచురించిన పరిశీలన ఒకటుంది. రాసిచ్చిన మాత్రల్లో 90 శాతం కన్నా ఎక్కువ వేసుకున్నవారిలో, ఆరేళ్లకు బీసీఆర్-ఏబీఎల్ (రక్తంలో సీఎంఎల్ ఇంకా ఎంత మిగిలిందో చెప్పే పరీక్ష అంకె) 0.1 శాతానికి దిగే అవకాశం 94 శాతం దాకా ఉంది. అంతకన్నా తక్కువ వేసుకున్నవారిలో అది 28 శాతమే. 90 శాతమంటే నెలకు మూడు మాత్రలు తప్పడం, అంతే. కింద చెప్పే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఆ మూడు మాత్రల గురించే.

మొదలుపెట్టే ముందు వారం

ఒక నోటుబుక్కు తీసుకుని వారం రోజులు రాయండి: ఎన్ని గంటలు నిద్రపోయారు, పగలు ఏ వేళ చురుగ్గా ఉన్నారు, ఏం మర్చిపోయారు. మాత్రకు ముందు మీ తీరు ఎలా ఉండేదో రాసిపెట్టుకోకపోతే, ఎప్పటి నుంచో ఉన్న మరుపునూ తర్వాత మందు ఖాతాలో వేసేస్తారు. నిజంగా కొత్తగా వచ్చినదాన్ని ఇంట్లోవాళ్లు వయసు ఖాతాలో వేసేస్తారు. రెండూ నష్టమే.

రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, సోడియం, పొటాషియం, మెగ్నీషియం, ఫాస్ఫరస్ చూడమని అడగండి. ఇమాటినిబ్‌తో ఫాస్ఫరస్ తగ్గి ఒళ్లు తేలిపోయినట్టు కావడం ఉంది. బీ12 విషయంలో ఒక మెలిక ఉంది. సీఎంఎల్‌లో తెల్లకణాలు బాగా పెరిగి ఉన్నప్పుడు బీ12ను మోసే ప్రొటీన్ రక్తంలో ఎక్కువవుతుంది, దాంతో రిపోర్టులో అంకె ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. శాకాహారులు, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారు మొదటి రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండకుండా, కణాలు అదుపులోకి వచ్చాక మళ్లీ చేయించుకోవాలి. థైరాయిడ్ తీసేసి లెవోథైరాక్సిన్ వాడుతున్నవారికి ఇమాటినిబ్ మొదలయ్యాక ఆ మోతాదు చాలకపోవచ్చు. టీఎస్‌హెచ్ మీద కన్నుండాలి.

ఇంట్లో ఉన్న మందులన్నీ, బామ్మగారి చూర్ణంతో సహా, ఒక సంచిలో వేసి డాక్టరుకు చూపించండి. దద్దురుకు వాడే సెటిరిజిన్, పిక్కల నొప్పికి రాసే ప్రీగాబలిన్, నిద్రకు వాడే ఆల్ప్రజోలమ్: తల బరువెక్కడానికి ఈ మూడింట్లో ఒకటి చాలు. క్లారిత్రోమైసిన్, ఇట్రాకొనజోల్ లాంటివి రక్తంలో ఇమాటినిబ్‌ను పెంచుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ దాన్ని తగ్గిస్తాయి. గ్రేప్‌ఫ్రూట్ వద్దు, దాని దగ్గరి చుట్టమైన పంపరపనస కూడా మానడం మేలు. భస్మాలు, రసౌషధాల్లో కొన్నింట్లో సీసం, పాదరసం ఉంటాయి. అవి మెదడుకే చేటు. ఈ విషయంలో మొహమాటం వద్దు.

మాత్ర చుట్టూ కట్టుకోవాల్సిన కంచె

మామూలుగా ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాములు, రోజుకు ఒకసారి, కడుపునిండా తిన్నాక పెద్ద గ్లాసు నీళ్లతో. మాత్ర వేసుకున్న వెంటనే పడుకోకూడదు, గొంతులో, ఛాతీలో మంట వస్తుంది. కనీసం గంటైనా కూర్చోవాలి.

ఇమాటినిబ్‌కు నోవార్టిస్ కంపెనీ పెట్టిన పేరు గ్లివెక్, దాని పేటెంటును సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తిరస్కరించింది. మన దగ్గర ఇమాటినిబ్‌ను చాలా కంపెనీలు తయారుచేస్తాయి, హైదరాబాద్ నాట్కో వారి వీనాట్ వాటిలో ఒకటి. ధర దిగడం రోగికి పెద్ద ఊరట. అయితే ఒక నెల వచ్చిన పెట్టె, రంగు మరో నెల రాకపోవచ్చు. 400 బదులు 100 మిల్లీగ్రాములవి చేతికి రావచ్చు. 100వి అయితే నాలుగు, 400ది అయితే ఒకటి. తల మొద్దుబారిన రోజున తారుమారయ్యేది ఇక్కడే. మందుల షాపు గడప దాటకముందే స్ట్రిప్ మీది అంకె చదివి, పెట్టె మీద మార్కరుతో పెద్దగా "రోజుకు 1" అనో "రోజుకు 4" అనో రాయండి. రెండు రకాలూ ఒకే డబ్బాలో ఉంచొద్దు.

ఏడు అరల మందుల డబ్బా కొనండి. ఆదివారం నింపండి, నింపింది ఇంట్లో మరొకరు చూడాలి. డబ్బా లేకపోతే స్ట్రిప్ వెనుక రేకు మీద ఒక్కో మాత్ర దగ్గర ఒక్కో తేదీ రాయండి. తేదీ చిరిగి ఉంటే వేసుకున్నట్టు, లేకుంటే లేనట్టు. క్యాలెండర్‌లో టిక్కు మింగాకే పెట్టాలి. ముందే టిక్కు పెట్టి నీళ్లకోసం వంటింట్లోకి వెళ్లి, అటునుంచి అటే మరో పనిలో పడిపోవడం అందరికీ జరిగేదే. ఫోన్ అలారం కూడా మాత్ర చేతిలోకి తీసుకున్నాకే ఆపాలి.

మర్చిపోయిన మాత్ర అదే రోజు గుర్తొస్తే తిని వేసుకోండి. మర్నాటి వేళ దగ్గరపడితే వదిలేయండి. రెండు కలిపి వేసుకోకూడదు. వేసుకున్నారో లేదో ఎంతకీ తేలకపోతే మళ్లీ వేసుకోవద్దు, మర్నాడు మామూలు వేళకు కొనసాగించండి. ఇమాటినిబ్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 18 గంటలు పడుతుంది కాబట్టి ఎప్పుడో ఒక్కటి తప్పితే కొంప మునగదు. తరచూ తప్పితేనే ముప్పు. వాంతి అయితే, అందులో మాత్ర కళ్లకు కనిపిస్తే తప్ప మళ్లీ వేసుకోకూడదు.

పొద్దున వేసుకుంటే మధ్యాహ్నం దాకా మగతగా ఉంటోందా? డాక్టరును అడిగి ముందు మధ్యాహ్న భోజనానికి, కొన్నాళ్లకు రాత్రి భోజనానికి జరపొచ్చు. రాత్రి భోజనం తొందరగా ముగించాలి, ఎందుకంటే ఆ గంట కూర్చోవాలిగా.

మందు మారిస్తే పాత అలవాటుతో జాగ్రత్త. నిలోటినిబ్ క్యాప్సూళ్లు రోజుకు రెండుసార్లు, పరగడుపున: రెండు గంటల ముందు నుంచి, వేసుకున్నాక గంట దాకా ఏమీ తినకూడదు. ఇమాటినిబ్ లాగా టిఫిన్‌తో వేసుకుంటే రక్తంలో మందు పెరిగి గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది. డాసాటినిబ్ తిన్నా తినకపోయినా వేసుకోవచ్చు, కానీ పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర దాన్ని ఒంటికి పట్టనివ్వదు. మన ఇళ్లలో పొద్దున్నే గ్యాస్ మాత్ర వేసుకోవడం అలవాటు కాబట్టి దీన్ని గట్టిగా చెబుతున్నాం.

మొదటి రెండు మూడు నెలల్లో పనులు

మీకు ఏ వేళ తల తేటగా ఉంటుందో రెండు వారాల్లో తెలిసిపోతుంది. లెక్కలు, బ్యాంకు పనులు, సంతకాలు ఆ వేళకే పెట్టుకోండి. యూపీఐలో డబ్బు పంపేటప్పుడు పేరు, అంకె బయటికి చదివి ఆ తర్వాతే పిన్ నొక్కండి. మగతలో వచ్చిన ఫోన్‌కు ఓటీపీ చెప్పొద్దు. పెద్ద మొత్తాలైతే ఇంట్లో మరొకరు పక్కనుండాలి.

మాత్ర ఎలా పడుతుందో తెలిసేదాకా, కనీసం మొదటి రెండు వారాలు, బండి నడపొద్దు. తల తిరగడం, చూపు మసకబారడం ఈ మందుతో ఉన్నవే. వ్యవసాయం చేసేవారు పురుగుమందు కలిపే పని, రాత్రిపూట మోటారు స్టార్టర్ దగ్గరికి వెళ్లే పని మరొకరికి అప్పగించాలి. పొయ్యి మీద ఏదైనా పెడితే టైమర్ పెట్టుకుని, వంటగదిలోనే ఉండండి. పడుకునే ముందు సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసే బాధ్యత ఒకరికే ఉండాలి. ఇద్దరిదీ అనుకుంటే ఎవరూ కట్టరు.

ఆఫీసులో చెప్పిన పనిని కాగితం మీదో మెసేజ్‌లోనో ఇమ్మని అడగండి. ఒకేసారి రెండు పనులు వద్దు. పగటి నిద్ర అరగంట దాటనివ్వొద్దు, సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ, టీ మానండి. నీరసానికి బాగా పనిచేసేది నడక. రోజూ 20 నిమిషాలతో మొదలుపెట్టండి, ఎండాకాలమైతే పొద్దున ఏడులోపే. విరేచనాలు అవుతున్నప్పుడు ఓఆర్ఎస్ తాగాలి. ఒంట్లో నీరు తగ్గితే తల ఇంకా మొద్దుబారుతుంది.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. "ఇందాకే చెప్పానుగా" అని విసుక్కుంటే మనిషి మర్చిపోయిన సంగతి దాచడం నేర్చుకుంటాడు. అప్పుడు తప్పిన మాత్రలూ దాస్తాడు.

ఇవి కనిపిస్తే మరుపు అనుకుని ఊరుకోవద్దు

ఒక్కసారిగా భరించలేని తలనొప్పి, మూతి వంకర పోవడం, ఒకవైపు చెయ్యో కాలో బలం తప్పడం, మాట ముద్దగా రావడం, ఫిట్స్, స్పృహ తప్పడం: అదే నిమిషంలో 108కి ఫోన్ చేయండి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు తలకు దెబ్బ తగిలితే, పైకి గాయం కనపడకపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. జ్వరంతో పాటు మాట తీరు తేడాగా ఉన్నా అంతే.

అలాంటివేమీ లేకుండా మరుపు మాత్రమే నెలల తరబడి తగ్గకపోతే ఓపీలో "మతిమరుపుగా ఉంది" అని ఊరుకోవద్దు. "పదిహేను రోజుల్లో రెండుసార్లు గ్యాస్ ఆపడం మర్చిపోయాను, మాత్ర ఒకసారి తప్పింది, లెక్క చూడటానికి గంట పడుతోంది" అని చెప్పండి. అలా చెబితేనే హిమోగ్లోబిన్, థైరాయిడ్ మళ్లీ చూడాలా, మరో మందు మానిపించాలా, మోతాదు తగ్గించాలా, ఇంకో మాత్రకు మార్చాలా అన్నది డాక్టరు తేల్చగలరు. మాత్రను మీ అంతట మీరు సగం చేయడం, రోజు విడిచి రోజు వేసుకోవడం చేయొద్దు. తగ్గించినా మార్చినా మూడు నెలల బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష తేదీని అప్పుడే క్యాలెండర్‌లో రాయించుకుని రండి.